నలభైలో తొలి ఆట!

ఎర్ర టోపీ, గుబురు మీసం, గుండ్రటి ముక్కు... మారియో బొమ్మను గుర్తుపట్టని ఇల్లు ఉండదేమో. కానీ ఆ ఆటను నిజంగా ఆడిందెవరు? 1990ల నాటి పిల్లల్లో చాలామంది వెనక నిలబడి చూసినవాళ్ళే. ఇప్పటి పిల్లలు మారియోను సినిమాలో చూసినవాళ్ళే. ఆ రెండు తరాలూ ఒకే టీవీ ముందు కూర్చుని, 1985 నాటి ఆటను మొదటిసారి ఆడితే ఎలా ఉంటుంది?

సంక్రాంతి వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చే రైళ్ళూ బస్సులూ కిటకిటలాడిపోతాయి. హైదరాబాద్, చెన్నై, విశాఖ... బతుకుతెరువు కోసం ఎక్కడెక్కడికో వెళ్ళినవాళ్ళంతా సొంతూరు చేరతారు. భోగిమంటల సందడీ, అరిసెల పంపకాలూ అయిపోతాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం ఇంట్లో ఒక వింత నిశ్శబ్దం. వీధి అరుగు మీద తాతయ్య, మంచం మీద నాన్న, మూలన పిల్లలు... ఎవరి ఫోను వాళ్ళది! ఒకప్పుడు అదే అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులి-మేక గళ్ళుండేవి. ఇద్దరు ఆడుతుంటే పదిమంది సలహాలిచ్చేవారు.

ఆ పదిమందినీ మళ్ళీ ఒకచోట చేర్చగల ఆట ఒకటుంది. అదీ వీడియో గేమే. కాకపోతే కొత్తది కాదు, నలభై ఏళ్ళ పాతది. దాని పేరు 'సూపర్ మారియో బ్రదర్స్'.

వెనక నిలబడిన తరం

1990ల్లో మన ఊళ్ళలో పిల్లలు ఆడిన మారియో అసలు కంపెనీ యంత్రం మీద ఆడింది కాదు. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983లో 'ఫ్యామికామ్' అనే ఆటల యంత్రాన్ని తెచ్చింది. దాన్ని చూసి చేసిన నకళ్ళు మన బజార్లను ముంచెత్తాయి. టీవీకి తగిలించే ఒక పెట్టె, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక క్యాసెట్టు. ఆ క్యాసెట్టు మీద '9999 ఆటలు' అని గొప్పగా రాసి ఉండేది. తీరా చూస్తే అందులో ఉండేవి కొన్నే. వాటినే అటూ ఇటూ మార్చి వేలల్లో లెక్క చూపించేవారు.

ఆ పెట్టె కొనడం అందరి వల్లా అయ్యేది కాదు. వీధిలో ఏ ఒక్కరింట్లోనో ఉంటే వేసవి సెలవుల్లో ఆ ఇల్లు బడి కన్నా కిక్కిరిసిపోయేది. పట్టణాల్లో గంట లెక్కన డబ్బులు తీసుకుని ఆడించే దుకాణాలుండేవి. జేబులో డబ్బులున్నవాడు ముందు కూర్చునేవాడు. లేనివాళ్ళు వాడి కుర్చీ వెనక నిలబడి 'దూకు... దూకరా... అయ్యో!' అంటూ అరిచేవారు. అలా ఆట మొత్తం కంఠతా వచ్చినా, రిమోట్ ఒక్కసారి కూడా చేతికి అందని గుంటలెందరో!

అందినవాళ్ళకూ కష్టాలే. క్యాసెట్టు పెట్టగానే బొమ్మ గీతలు గీతలుగా వచ్చేది. బయటికి తీసి నోటితో 'ఉఫ్' అని ఊది మళ్ళీ పెట్టేవారు. ప్రపంచమంతటా పిల్లలు చేసిన పనే అది. నిజానికి ఊదడం వల్ల ఒరిగేదేమీ లేదు. నోటి తడికి లోపలి లోహపు పళ్ళు తుప్పు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఊదొద్దని కంపెనీయే చెప్పింది. తీసి మళ్ళీ పెట్టినప్పుడు పళ్ళు సరిగ్గా అతుక్కునేవి, ఆట నడిచేది. పేరు మాత్రం ఊదినవాడికి దక్కేది.

ఇక అసలు విలన్ కరెంటు కోత. ఆ ఆటలో 'ఇక్కడిదాకా ఆడాను, గుర్తు పెట్టుకో' అని చెప్పే వీలు లేదు. మూడు గంటలు కష్టపడి చివరి కోట గుమ్మం దాకా వెళ్ళాక కరెంటు పోతే... మళ్ళీ మొదటి అడుగు నుంచే!

వడ్రంగి... మారియో అయ్యాడు!

నింటెండో పుట్టింది 1889లో, క్యోటో నగరంలో. మొదట్లో అది పేకముక్కలు తయారుచేసే సంస్థ. వీడియో గేముల్లోకి దిగాక, 1981లో షిగెరు మియమొటో అనే కుర్ర డిజైనర్ 'డాంకీ కాంగ్' అనే ఆట చేశాడు. ఒక పెద్ద గొరిల్లా ఎత్తుకుపోయిన అమ్మాయిని కాపాడే వడ్రంగే అందులో హీరో. అప్పటికి అతనికి సరైన పేరు కూడా లేదు, 'జంప్‌మ్యాన్' అనేవారు. అమెరికాలో నింటెండో అద్దెకుంటున్న గోదాము యజమాని పేరు మారియో. చివరికి ఆ పేరే హీరోకి స్థిరపడిపోయింది.

ఆ వేషం కూడా అందం కోసం వేసింది కాదు, అవసరం నేర్పింది. అప్పటి తెర మీద హీరో మొత్తాన్ని గుప్పెడు చుక్కలతోనే గీయాలి. నోరు గీయడానికి చోటు లేదు, అందుకని మీసం. జుట్టు ఎగిరినట్లు చూపించడం కష్టం, అందుకని టోపీ. చేతులు ఊపుతుంటే కనపడాలి, అందుకని చొక్కాకీ ఓవరాల్‌కీ వేరు వేరు రంగులు. లేమిలోంచి పుట్టిన అందం అంటే అదే మరి!

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో 'సూపర్ మారియో బ్రదర్స్' విడుదలైంది. మియమొటోతో పాటు తకాషి తెజుకా దాని రూపకర్త, కోజి కోండో సంగీతకర్త. ఆట పటాలన్నీ గళ్ళ కాగితం మీద చేత్తో గీసినవే. 8 లోకాలు, ఒక్కో లోకంలో 4 అంచెలు, మొత్తం 32. ఇంతా కలిపి దాని పరిమాణం 40 కిలోబైట్లు! ఇప్పటి ఫోనులో తీసిన ఒక ఫొటో 4 మెగాబైట్లు ఉందనుకుంటే అందులో వందో వంతు. అంత ఇరుకులో సర్దడానికి ఎన్నెన్ని తంటాలో. ఆకాశంలో తెల్ల మబ్బునే రంగు మార్చి నేల మీద పచ్చటి పొదగా వాడేశారు. కోట్లమంది ఏళ్ళ తరబడి ఆడినా ఎక్కువమంది ఆ కిటుకు పట్టుకోలేదు.

1983 నాటికి అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. మళ్ళీ దాన్ని నిలబెట్టినవాటిలో ఈ ఆటది పెద్ద పాత్ర. 4 కోట్లకు పైగా అమ్ముడైంది. 2016లో రియో ఒలింపిక్స్ గుర్తుంది కదా, మన సింధు వెండి పతకం తెచ్చిన ఒలింపిక్స్. వాటి ముగింపు వేడుకలో జపాన్ ప్రధాని షింజో అబె మారియో వేషంలోనే ప్రత్యక్షమయ్యారు. 2023లో వచ్చిన మారియో సినిమా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అదే ఏడాది అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కోండో బాణీని జాతీయ ధ్వని భాండాగారంలో చేర్చింది. ఒక వీడియో గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఒక్క మాటా చెప్పని మాస్టారు

ఇంత పేరున్న ఆటను ఇప్పుడు మొదటిసారి ఆడేవాళ్ళకు ఏం కనిపిస్తుంది? మొదట నిరాశే. చదునైన బొమ్మలు, నాలుగు రంగులు, 'టింగ్ టింగ్' శబ్దాలు. 'ఇదేనా?' అనిపిస్తుంది. అలా అనుకుంటూ కుడివైపు నాలుగడుగులు వేస్తారు. ఎదురుగా గోధుమరంగు పుట్టగొడుగు లాంటి జీవి మెల్లగా నడిచొస్తుంది. తేరుకునేలోపు తగులుతుంది. అంతే! ఒక ప్రాణం పోయింది. ఉన్నవి మూడే!

అసలు ఆట అక్కడే మొదలవుతుంది. 'ఇలా ఆడాలి' అని చెప్పే అక్షరం ముక్క తెర మీద ఉండదు. కానీ ప్రతిదీ పాఠమే. మారియో ఎడమ అంచున నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. అంటే వెళ్ళాల్సింది అటే. రెండోసారి ఆ జీవి రాగానే ఎవరైనా ఎగురుతారు. దాని నెత్తిన పడితే అది నలిగిపోతుంది. దూకడమే ఆయుధమని తెలిసిపోయింది! పైన ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టెను తలతో గుద్దితే ఒక పుట్టగొడుగు బయటికొస్తుంది. ఇందాక చంపింది కూడా అలాంటిదే కదా, పారిపోవాలనిపిస్తుంది. కానీ అది ముందుకెళ్ళి గొట్టానికి కొట్టుకుని వెనక్కి మన మీదకే వస్తుంది. తప్పించుకోబోతే పైన ఇటుకలు అడ్డు. చివరికి తగులుతుంది... తగలగానే మారియో రెండింతలవుతాడు! ఏది శత్రువో ఏది మిత్రుడో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ మొదటి అంచెను ఎంత ఆలోచించి అల్లారో మియమొటోయే తర్వాతి కాలంలో వివరించాడు.

ఆ అంచె చివర్లో రెండు మెట్ల దిబ్బల మధ్య ఒక సందు ఉంటుంది. కింద నేల ఉంటుంది కాబట్టి గెంతలేక పడినా ఏమీ కాదు, మళ్ళీ ఎక్కొచ్చు. కాస్త ముందుకెళితే అచ్చం అలాంటి సందే మళ్ళీ వస్తుంది. ఈసారి కింద నేల లేదు, గొయ్యే! ముందు ప్రాణభయం లేకుండా సాధన, తర్వాత పరీక్ష. ఈత నేర్పేవాళ్ళు ముందు నడుం లోతు నీళ్ళలో దింపి, తర్వాత లోతుకు పంపినట్లన్నమాట.

కథ అమ్మమ్మకూ తెలుసు!

ఈ ఆటలో కథ ఏమిటని అమ్మమ్మ అడిగితే చెప్పడం చాలా తేలిక. బాలనాగమ్మ కథే! రాకుమారిని మాయావి ఎత్తుకుపోతాడు. హీరో లోకాలు దాటుకుంటూ వెళతాడు. ఇక్కడ మాయల ఫకీరుకు బదులు ముళ్ళ డిప్ప ఉన్న రాక్షస తాబేలు. బాలవర్ధిరాజు ఏడు సముద్రాలు దాటినట్లే మారియో ఏడు కోటలు దాటాలి. ఒక్కో కోట గెలిచిన ప్రతిసారీ తీరా లోపలికి వెళితే, 'రాకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉంది' అని చెప్పే సేవకుడే కనిపిస్తాడు. ఏడుసార్లూ అదే జవాబు! ఎనిమిదో కోటలో మాత్రమే కథ సుఖాంతం. అందుకే ఇంట్లో రిమోట్ పట్టుకోనివాళ్ళు కూడా 'ఈ కోటలోనన్నా దొరుకుతుందా?' అంటూ చూస్తూ కూర్చుంటారు.

ముగింపు ఉన్న ఆట

'అయినా పిల్లలకు ఫోనులో బోలెడు ఆటలుండగా ఈ పాతది ఎందుకు?' అనిపించొచ్చు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఫోను ఆటల్లో చాలావాటికి ముగింపు ఉండదు. ఉచితమే అంటారు. కాసేపటికి ప్రకటనలు, ఇంకాసేపటికి 'డబ్బు కడితే కొత్త ఆయుధం' అంటాయి. రేపు రాకపోతే బహుమతి పోతుందని బెదిరిస్తాయి. పిల్లాడు ఆట మానకుండా చూడటమే వాటి వ్యాపారం. ఆటల మీద అదుపు తప్పడాన్ని ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. డబ్బు పందేలతో నడిచే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. దేశమంతటికీ వర్తించేలా 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. పందెం ఆటలు వేరు, పిల్లల ఆటలు వేరు. నిజమే. కానీ జేబు మీదా సమయం మీదా రెంటికీ కన్నుంది.

మారియోకి ఆ అవసరమే లేదు. ఒకసారి కొన్నాక మళ్ళీ రూపాయి అడగడు. అందులో నూరు నాణేలు పోగేస్తే ఒక ప్రాణం వస్తుంది. ఆ నాణేలు సంపాదించాల్సింది ఆటలోనే, నాన్న ఖాతాలోంచి కాదు! నెట్ అక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో కబుర్లుండవు. గెలిస్తే ఆట అయిపోతుంది. 'అయిపోయింది' అనే మాట పిల్లలకు వినపడటమే అరుదైపోయిన రోజులివి.

ఓడితే తప్పు ఎవరిదో కూడా స్పష్టం. గొయ్యి ఎక్కడుందో నిన్న ఎక్కడుందో అక్కడే. తాబేలు వచ్చే చోటూ అదే. మారాల్సింది ఆడేవాళ్ళే. ఇరవైసార్లు పడ్డ గొయ్యిని ఇరవై ఒకటోసారి దాటినప్పుడు పిల్లాడి ముఖం చూడాలి. ఆ ఆనందాన్ని ఏ దుకాణంలోనూ అమ్మరు.

అలాగని పాతదంతా బంగారమేమీ కాదు. తెర కుడివైపే సాగుతుంది. వదిలేసిన నాణెం కోసం ఒక్కడుగు వెనక్కి వెళతానన్నా కుదరదు. గడియారం 400 నుంచి కిందికి పరుగెడుతూనే ఉంటుంది. వంద లోపుకి రాగానే సంగీతం వేగం పెరిగి గుండె దడ పుట్టిస్తుంది. ప్రాణాలన్నీ పోతే మొదటికి. అలవాటు లేనివాళ్ళకు విసుగొస్తుంది, రిమోట్ విసిరేయాలనిపిస్తుంది. అయితే మొదటి అరగంట ఓపిక పడితే చాలు, వేళ్ళకు లయ అందుతుంది.

పెద్దలకో మాట

పిల్లలతో కలిసి తొలిసారి ఆడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే ఆట రుచి పెరుగుతుంది.

* గుట్టు విప్పకండి. ఏ ఇటుకలో ఏముందో, ఏ గొట్టంలోంచి ఎక్కడికి వెళ్ళొచ్చో మీకు తెలిసినా చెప్పకండి. మొదటిసారి అనేది ఒక్కసారే వస్తుంది. అది వాళ్ళ సొత్తు.

* ఫోను తెర మీద వేళ్ళతో కాకుండా బటన్లున్న రిమోట్‌తో ఆడించండి. ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు ఎగిరే ఆట ఇది. వేలికి బటన్ తగలాల్సిందే.

* కొత్త టీవీల్లో బొమ్మ రవ్వంత ఆలస్యంగా వస్తుంది. నొక్కినా ఎగరలేదని మారియోను తిట్టకండి. టీవీ సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' ఉంటే పెట్టండి. పాత తుపాకీతో బాతుల్ని కాల్చే ఆట మాత్రం కొత్త టీవీల మీద పనిచేయదు. అది పాత డబ్బా టీవీల కాంతిని నమ్ముకుని చేసింది.

* ఇద్దరి ఆట ఎంచుకోండి. ఒకరు మారియో, ఒకరు లుయిజీ. ఒకరి ప్రాణం పోగానే వంతు రెండోవారికి వెళుతుంది. ఎంతసేపు ఆడాలన్న తగవును ఆటే తీర్చేస్తుంది.

* ప్రాణాలన్నీ పోయి పిల్లలు నిజంగా డీలాపడితే ఒక్క సాయం చేయొచ్చు. మొదటి తెర మీద దూకే బటన్ 'ఎ'ని నొక్కిపట్టి 'స్టార్ట్' నొక్కితే, ఓడిపోయిన లోకం మొదటి అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. 1990ల్లో ఎంతమంది పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎన్ని కన్నీళ్ళు తప్పేవో!

* నింటెండో వారి 'స్విచ్' యంత్రంలో చందా కట్టినవాళ్ళకు ఈ ఆట అందుబాటులో ఉంది. బజార్లో చవగ్గా దొరికే చేతిపెట్టెల్లో చాలావరకు అనుమతి లేని నకళ్ళే ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి.

అటక మీద చూశారా?

మారియో అదృష్టవంతుడు. నలభై ఏళ్ళయినా దొరుకుతున్నాడు. 2015లో అమెరికాలోని స్ట్రాంగ్ మ్యూజియం ప్రపంచ వీడియో గేముల కీర్తిమందిరాన్ని ఏర్పాటు చేసినప్పుడు మొదటి విడతలోనే ఈ ఆటకు చోటు దక్కింది. మిగతావాటి సంగతి అలా లేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనుక్కుందామన్నా మార్కెట్లో లేవని 'వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్' 2023లో తేల్చింది. యంత్రాలు పాడైపోతాయి, కంపెనీలు మూతపడతాయి, హక్కులు ఎవరివో తేలవు. సుద్దముక్క ఉంటే పులి-మేక ఎప్పుడైనా గీసుకోవచ్చు. నేర్పేవాళ్ళుంటే చాలు. వీడియో గేముకు ఆ సౌకర్యం లేదు. యంత్రం పోతే ఆటా పోయినట్లే.

అందుకే ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు అటక మీద ఓసారి చూడండి. ఇత్తడి బిందెల వెనక, పాత పుస్తకాల కింద, వైర్లు చుట్టిన దుమ్ము పెట్టె దొరకొచ్చు. దొరక్కపోయినా బాధ లేదు, ఆట వేరే దారుల్లో అందుతుంది. అప్పట్లో కుర్చీ వెనక నిలబడి చూసిన నాన్నకు నలభై దాటాయి. ఇప్పుడాయన్ని లేపి, వంతు నీది కాదనేవాళ్ళెవరూ లేరు. పక్కన కూర్చున్న కూతురుకీ అది తొలి ఆటే కాబట్టి తెలిసినవాడు, తెలియనివాడు అన్న తేడా లేదు. మొదటి పుట్టగొడుగు దగ్గర ఇద్దరూ సమానంగా పోతారు, ఇద్దరూ కలిసే నవ్వుతారు.

మారియో మాత్రం 1985 నుంచీ తెర ఎడమ అంచున నిలబడే ఉన్నాడు, కుడివైపు చూస్తూ. స్టార్ట్ నొక్కడమే ఆలస్యం!